రోడ్డు ప్రమాదాలు ట్రాఫిక్ పోలీసుల పని కదా, ఆరోగ్య సమస్య ఎలా అవుతాయి?

ప్రశ్న ఇది: పేద దేశాల్లో, ఎదుగుతున్న దేశాల్లో రోడ్డు ప్రమాదాల్ని ప్రజారోగ్య సమస్య అని ఎందుకంటారు, అది పోలీసులూ ఆర్టీవో వాళ్ళూ చూసుకోవాల్సింది కదా, మధ్యలో డాక్టర్లకేం పని అని. నేను చాలా ఏళ్ళు క్యాజువాల్టీలో స్టాఫ్ నర్సుగా చేశాను, అందులో నైట్ డ్యూటీలే ఎక్కువ. నా కళ్ళముందు జరిగినదాన్ని బట్టే చెప్తాను. ఇది ముమ్మాటికీ ఆరోగ్య సమస్యే. ఇంకా గట్టిగా చెప్పాలంటే, ఆరోగ్య శాఖ ఇది తన సమస్య కాదనుకోవడం వల్లే ఇంతమంది పోతున్నారు.

రాత్రిపూట యాక్సిడెంట్ కేసు వస్తే ముందు ఊపిరి ఆడుతోందా లేదా చూస్తాం, మెడకి కాలర్ వేస్తాం, చేతికి లైన్ పెట్టి సెలైన్ ఎక్కిస్తాం, బట్టలు కత్తిరించి ఇంకెక్కడైనా దెబ్బలున్నాయా చూస్తాం, కళ్ళలో టార్చి వేసి చూస్తాం. అదంతా ఒక దారికొచ్చాక డ్యూటీ డాక్టరు ఎం.ఎల్.సి. రిజిస్టర్, అంటే పోలీసులకి తెలియజేయాల్సిన కేసుల రిజిస్టర్ రాస్తారు. పేరు, వయసు, ఎవరు తీసుకొచ్చారు, ఎన్నింటికి తీసుకొచ్చారు, తల మీద ఎన్ని సెంటీమీటర్ల గాయం, విరిగింది ఎడమ కాలా కుడి కాలా, అన్నీ వివరంగా ఉంటాయి. ఎలా జరిగింది అన్న చోట మాత్రం ఆర్.టి.ఎ., అంటే రోడ్ ట్రాఫిక్ యాక్సిడెంట్ అని రాసి ఊరుకుంటారు. ఏ రోడ్డు, ఏ మలుపు, నడిచి వెళ్తున్నాడా, బండి మీదున్నాడా, హెల్మెట్ ఉందా, గుద్దింది లారీయా కారా, ఇవేవీ ఉండవు. మహా అయితే ‘హైవే మీద’ అని ఉంటుంది, హైవే అంటే వందల కిలోమీటర్లు, అందులో ఎక్కడని వెతుక్కోవాలి?

అదే ఆస్పత్రిలో ఒక డెంగ్యూ పాజిటివ్ వచ్చిందనుకోండి, వెంటనే రోగి అడ్రసు పైకి వెళ్తుంది, ఆ ఇంటికీ చుట్టుపక్కల ఇళ్ళకీ మనుషులొచ్చి డ్రమ్ముల్లో, కుండీల్లో నిలవున్న నీళ్ళు పారబోయిస్తారు. అక్కడ రోగి పేరుకంటే అడ్రసు ముఖ్యం. 1854లో లండన్‌లో కలరా వచ్చినప్పుడు జాన్ స్నో అనే డాక్టరు చేసింది కూడా అదే కదా, చనిపోయినవాళ్ళ ఇళ్ళు ఎక్కడెక్కడున్నాయో చూసుకుంటూ పోతే ఎక్కువ భాగం బ్రాడ్ స్ట్రీట్‌లో ఒక నీళ్ళ పంపు చుట్టూనే తేలాయి, అధికారులకి చెప్పి ఆ పంపు హ్యాండిల్ తీయించాడు. క్రిమిని చూపించాకే పని మొదలెడతానని కూర్చోలేదు. రోగం ఎక్కణ్ణుంచి వస్తోందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. మరి యాక్సిడెంట్ల విషయానికొచ్చేసరికి ‘ఎక్కడ’ అని అడిగే నాథుడు లేడు.

ఇదేమీ చిన్న రోగం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యు.హెచ్.ఓ.) 2023లో ఇచ్చిన లెక్క ప్రకారం ప్రపంచంలో ఏడాదికి దాదాపు 11.9 లక్షల మంది రోడ్ల మీద పోతున్నారు, గాయాలపాలయ్యేవాళ్ళు 2 కోట్ల నుంచి 5 కోట్ల మంది. 5 నుంచి 29 ఏళ్ళ మధ్య వాళ్ళని అన్నిటికంటే ఎక్కువగా చంపేది ఇదే, ఏ జ్వరమూ కాదు, ఏ క్యాన్సరూ కాదు. పోయేవాళ్ళలో 92 శాతం పేద, మధ్య ఆదాయ దేశాలవాళ్ళు, ప్రపంచంలో ఉన్న బళ్ళలో ఆ దేశాల వాటా చూస్తే 60 శాతం. మరీ పేద దేశాల్లో అయితే బళ్ళు దాదాపు 1 శాతమే, చావులు 13 శాతం. అంటే బండి లేనివాడు ఎవడి బండి కిందో పడి పోతున్నాడు. మొత్తం చావుల్లో సగానికి పైగా నడిచేవాళ్ళు, సైకిళ్ళవాళ్ళు, టూవీలర్లవాళ్ళే. మన దేశంలో ఒక్క 2022లోనే పోలీసు లెక్కల్లోకి ఎక్కినవాళ్ళు 1,68,491 మంది. ఎక్కనివాళ్ళ సంగతి దేవుడికెరుక, మా దగ్గర్నుంచి డిశ్చార్జి అయి ఇంటికెళ్ళి మంచాన ఉండి ఉండి పోయినవాళ్ళు ఏ లెక్కలోకి వస్తారో నాకైతే తెలుసు, ఏ లెక్కలోకీ రారు.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న సంగతికి వస్తాను. మా ఆస్పత్రికి కొంచెం దూరంలో నాలుగు లేన్ల హైవే ఉండేది. డివైడర్ ఒక చోట తెరిచి ఉండేది, అందరూ కటింగ్ అనేవాళ్ళు. ఒక పక్క ఇళ్ళు, రెండో పక్క బడి, బస్ స్టాపు. రోడ్డు వేసినవాళ్ళు బళ్ళు ఎంత స్పీడుగా పోవాలో ఆలోచించారు కానీ ఇటున్న మనుషులు అటు ఎలా వెళ్తారో ఆలోచించలేదు. అండర్‌పాస్ లేదు, లైటు లేదు, స్పీడు తగ్గించేది ఒక్కటీ లేదు. అక్కడి నుంచి మాకు కేసులు వస్తూనే ఉండేవి. ఎంతగా అంటే, ఆటో గేటులోకి రాగానే మా వార్డ్ బాయ్ స్ట్రెచర్ తోసుకెళ్తూ, తెచ్చినవాళ్ళు నోరు తెరవకముందే “కటింగ్ దగ్గరేనా?” అని అడిగేవాడు. చాలాసార్లు అవునని తల ఊపేవాళ్ళు. ఒక వార్డ్ బాయ్‌కి తెలిసిన విషయం ఆ జిల్లాలో ఏ అధికారికీ తెలీదు, తెలిసినా కాగితం మీద లేదు.

ఒక రాత్రి ట్యూషన్ నుంచి వస్తున్న పిల్లని తెచ్చారు. తొమ్మిదో తరగతి. తెచ్చింది ట్రాలీ ఆటో అతను, పిల్లని చేతుల మీద మోసుకొచ్చి బల్ల మీద పడుకోబెట్టి, మేం కాలర్ వేసేలోపే వెళ్ళిపోబోయాడు. పేరు చెప్పు అన్నా, ఏ బండి గుద్దింది అన్నా, “నాకేం తెలీదమ్మా, నేను చూడలేదు, నన్ను వదిలెయ్యండి” అని చేతులు జోడించి గేటు దాటేశాడు. అతన్ని నేను తప్పుపట్టను, అంతకుముందు ఎవరినో తెచ్చినందుకు స్టేషన్ చుట్టూ తిరిగాడట, తర్వాత తెలిసింది. సాయం చేసినవాణ్ణి వేధించకూడదని సుప్రీంకోర్టు 2016లో మార్గదర్శకాలకి ఆమోదముద్ర వేసింది, 2019లో మోటారు వాహనాల చట్టానికి 134ఎ అని సెక్షనే పెట్టారు, పేరు చెప్పమని కూడా బలవంతం చేయకూడదు. ఆ సంగతి రాసిన బోర్డు ఆస్పత్రి గోడ మీద ఎక్కడో ఫ్యాన్ వెనకాల ఉంటే ట్రాలీ ఆటో అతనికి ఎలా తెలుస్తుంది చెప్పండి. అది హైవే పక్కన ప్రతి కొట్టు ముందూ ఉండాలి.

పిల్లకి కుడి కనుపాప పెద్దదై ఉంది, టార్చి వేస్తే కదల్లేదు. లోపల రక్తం గడ్డ కడుతోందని హౌస్ సర్జన్‌కీ తెలుసు నాకూ తెలుసు. సి.టి. మెషీను రిపేరులో ఉంది, న్యూరో సర్జన్ లేరు, పెద్దాస్పత్రికి రిఫర్ చెయ్యాలి. అంబులెన్స్ కోసం చూస్తున్నాం, అప్పుడు వాళ్ళ నాన్న వచ్చాడు. ఏడవలేదు. నా దగ్గరికొచ్చి, “రెండు పక్కలా చూసింది సిస్టర్, మా పాప చూడకుండా దాటదు” అన్నాడు. నేను తల ఊపాను. డాక్టరు దగ్గరికెళ్ళి అదే చెప్పాడు. వార్డ్ బాయ్‌కి చెప్పాడు. అవుట్ పోస్టు నుంచి వచ్చిన కానిస్టేబుల్‌కి చెప్పాడు. ఆ కానిస్టేబుల్, “చూసుకుంటే ఎందుకు తగులుతుందయ్యా” అన్నాడు. ఆ మాట నేనిప్పటికీ మర్చిపోలేదు, ఎందుకంటే చదువుకున్నవాళ్ళందరూ సభ్యంగా అనే మాట కూడా అదే, కొంచెం పెద్ద పదాల్లో అంటారంతే.

చూసుకుంటే ఎందుకు తగులుతుందో లెక్క వేసి చెప్తాను. రెండు లేన్లు అంటే సుమారు 7 మీటర్లు. మామూలుగా నడిచే మనిషి సెకనుకి 1.2 మీటర్లు నడుస్తాడు, అంటే దాటడానికి 6 సెకన్ల దాకా పడుతుంది. గంటకి 100 కిలోమీటర్ల స్పీడులో వచ్చే కారు సెకనుకి దాదాపు 28 మీటర్లు వస్తుంది. అంటే ఆ పిల్ల అడుగు వేసినప్పుడు తనని గుద్దబోయే కారు 160 మీటర్ల అవతల ఉంది. చీకట్లో 160 మీటర్ల దూరంలో రెండు లైట్లు కనిపిస్తే అవి 40లో వస్తున్నాయో 100లో వస్తున్నాయో మీరు చెప్పగలరా? నేను చెప్పలేను, ఎవరూ చెప్పలేరు. ఆ పిల్ల నిజంగానే రెండు పక్కలా చూసింది. వాళ్ళ నాన్న చెప్పింది అక్షరాలా నిజం.

పిల్ల బతికింది. చాలా నెలల తర్వాత వూండ్ సర్టిఫికెట్ కాపీ కోసం వాళ్ళ నాన్న వచ్చినప్పుడు అడిగితే చెప్పాడు, నడుస్తోంది, మాట్లాడుతోంది, కానీ నిన్న చదివింది ఇవాళ గుర్తుండదు, బడి మానేసింది, ఊరికే కోపమొస్తుంది, ఒక్కదాన్నీ ఇంట్లో వదల్లేక వాళ్ళమ్మ పని మానేసింది. చేసిన అప్పు సంగతి నేను అడగలేదు, అతనే చెప్పాడు. ఈ ఇల్లు ఏ చావుల లెక్కలోనూ లేదు. పేపర్లో ‘బాలికకు గాయాలు’ అని రెండు లైన్లు వచ్చి ఉంటుందేమో, అది కూడా అనుమానమే. ప్రజారోగ్యం అంటే మీరు ఏమనుకుంటున్నారో నాకు తెలీదు, నా దృష్టిలో ఇదే.

ఆ తర్వాత నేనూ ఒక హౌస్ సర్జనూ కలిసి ఒక పని మొదలుపెట్టాం. ప్రతి ఆర్.టి.ఎ. కేసుకీ రిజిస్టర్ మార్జిన్లో పెన్సిల్‌తో చోటు పేరు రాయడం. తెచ్చినవాళ్ళని అడిగితే చెప్తారు, ఏ వంతెన, ఏ బంకు ఎదురుగా, ఏ మలుపు, చక్కగా చెప్తారు, మనం అడగాలి అంతే. కొన్నాళ్ళకి చూసుకుంటే పది ఊళ్ళ నుంచి వచ్చే కేసుల్లో మళ్ళీ మళ్ళీ అవే నాలుగైదు చోట్లు, అందులో కటింగ్ అన్నిటికంటే ముందు. ఆ జాబితా పట్టుకెళ్ళి పైవాళ్ళకి ఇచ్చాం. “ఇది మన పరిధి కాదమ్మా, రోడ్డు వాళ్ళు చూసుకుంటారు” అన్నారు. రోడ్డు వాళ్ళకి పంపితే, పోలీసుల నుంచి రావాలి అన్నారు. పోలీసులేమో ఎఫ్.ఐ.ఆర్. అయినవే లెక్క అన్నారు. ఇంతలో ఇంకో చావు జరిగింది, ఆ ఊరి ఆడవాళ్ళు రోడ్డు మీద బైఠాయించారు, రెండు పక్కలా కిలోమీటర్ల కొద్దీ బళ్ళు ఆగిపోయాయి, ఆ వారంలోనే రంబుల్ స్ట్రిప్స్, అంటే బండిని గడగడలాడించి స్పీడు తగ్గించే అడ్డ పట్టీలు పడ్డాయి, డ్రమ్ములు పెట్టి దారి ఇరుకు చేశారు, ఒక లైటు కూడా వచ్చింది. మా కాగితం చెయ్యలేని పని వాళ్ళు చేశారు. అక్కడి నుంచి కేసులు రావడం దాదాపు ఆగిపోయింది. ఇంకో కారణమేదైనా ఉండొచ్చు కదా అని ఒక డాక్టరు నాతో వాదించారు. నాకు ఇంకే రుజువూ అక్కర్లేదు, అదే ఊరు, అవే బళ్ళు, అదే క్రమశిక్షణ లేని జనం, మారింది రోడ్డు ఒక్కటే.

రుజువు కావాలన్నవాళ్ళకి ఘానా ఉంది. అక్కడ ఆక్రా నుంచి కుమాసీ వెళ్ళే హైవే మీద సుహుమ్ జంక్షన్ అని ఒకటి, అక్కడ రంబుల్ స్ట్రిప్స్ వేస్తే ప్రమాదాలు దాదాపు 35 శాతం, చావులు దాదాపు 55 శాతం తగ్గాయి. కొత్త ఆస్పత్రి కట్టలేదు, వేల మందిని ట్రైనింగులకి పంపలేదు. కాస్త తారు, కాస్త థర్మోప్లాస్టిక్.

ఎప్పుడు ఈ విషయం మాట్లాడినా ఎవరో ఒకరు ‘ఫారిన్‌లో చూడండి ఎంత పద్ధతిగా నడుపుతారో’ అంటారు, నాకు ఒళ్ళు మండేది అక్కడే. నెదర్లాండ్స్‌లో 1971లో ఒక్క ఏడాదిలో 400 మందికి పైగా పిల్లలు రోడ్ల మీద చనిపోయారు. అప్పుడు తల్లిదండ్రులు రోడ్ల మీదకొచ్చి పిల్లల్ని చంపడం ఆపండి అని ఉద్యమమే చేశారు, మా కటింగ్ దగ్గర కూర్చున్న ఆడవాళ్ళలాగే. అక్కడి జనం రాత్రికి రాత్రి బుద్ధిమంతులు కాలేదు, వీధులు మార్చారు, స్పీడు తగ్గించారు. అమెరికాలో 1966లో రోడ్డు భద్రత కోసం సంస్థ పెట్టినప్పుడు దానికి మొదటి అధిపతి విలియం హాడన్, ఆయన పోలీసూ కాదు ఇంజనీరూ కాదు, ప్రజారోగ్యం చదివిన డాక్టరు. గుద్దుకోకముందు, గుద్దుకున్నప్పుడు, గుద్దుకున్నాక అని మూడు దశలు గీసి, ఒక్కోదాంట్లో మనిషినీ బండినీ రోడ్డునీ విడివిడిగా చూడమన్నాడు. స్వీడన్ 1997లో విజన్ జీరో అని పార్లమెంటులో తీర్మానం చేసుకుంది, మనిషి పొరపాటు చేస్తాడు, చేసినా ప్రాణం పోకుండా రోడ్డు ఉండాలి అన్నది దాని సారాంశం. మనం మాత్రం ఇప్పటికీ వారోత్సవాలు, ర్యాలీలు, ప్రతిజ్ఞలు. పిల్లల చేత ఎండలో ప్లకార్డులు పట్టిస్తాం, ఆ పిల్లలు ఇంటికి వెళ్ళేటప్పుడు దాటాల్సిన రోడ్డు మీద జీబ్రా గీత కూడా ఉండదు.

స్పీడు గురించి ఇంకొక్క మాట. నడిచే మనిషిని కారు ముందు భాగం గుద్దితే, 50 కిలోమీటర్ల స్పీడులో గుద్దినదానికీ 65లో గుద్దినదానికీ చచ్చిపోయే ప్రమాదం నాలుగున్నర రెట్లు పెరుగుతుంది. 15 కిలోమీటర్లు తేడా అంతే. డ్రైవరుకి అది యాక్సిలరేటర్ మీద వేలి కదలిక, మాకు మాత్రం ఒకడు కుట్లు వేయించుకుని నడిచి వెళ్ళడానికీ, ఇంకోడు మార్చురీకి వెళ్ళడానికీ ఉన్న తేడా. హెల్మెట్ సంగతీ అంతే, వియత్నాం 2007 డిసెంబర్‌లో అన్ని రోడ్ల మీదా తప్పనిసరి చేసి, గట్టిగా జరిమానాలు వేస్తే పెట్టుకునేవాళ్ళు 90 శాతం దాటారు. అక్కడ ఉన్నవి కూడా మనలాగే స్కూటర్లు, మోటార్ సైకిళ్ళు. మన దగ్గర హెల్మెట్ ట్యాంకు మీద ఉంటుంది, లేదా బెల్టు పెట్టుకోరు, పడ్డప్పుడు మనిషి ఒక చోట, హెల్మెట్ ఇంకో చోట. బెల్టు పెట్టని హెల్మెట్టు మా దగ్గరికి మనిషితోపాటు చేతిలో వస్తుంది, ఒక్క గీత కూడా లేకుండా.

దెబ్బ తగిలాక మొదటి గంటని గోల్డెన్ అవర్ అని అందరూ అంటారు. మంచిదే. కానీ ఆ గంటలో చేరినచోట ఏముందో ఎవరూ అడగరు. రక్తం పోతున్నవాళ్ళకి ట్రానెగ్జామిక్ యాసిడ్ ఇంజెక్షన్ మూడు గంటల్లోపు ఇస్తే ప్రాణాలు నిలుస్తాయని 40 దేశాల్లో 20 వేల మందికి పైగా రోగుల మీద చేసిన క్రాష్-2 ట్రయల్ 2010, 2011లలోనే తేల్చింది. ఖరీదైన మందు కాదు. అది చిన్న ఆస్పత్రుల్లో కూడా ఉండాలి, అంబులెన్సులో ఉండాలి, ఇవ్వడం తెలిసిన మనిషి ఉండాలి.

ఇక మన దేశంలో బ్లాక్ స్పాట్ అని అధికారికంగా ఒక నిర్వచనం ఉంది. జాతీయ రహదారి మీద 500 మీటర్ల ముక్కలో మూడేళ్ళలో చావులో తీవ్ర గాయాలో ఉన్న ప్రమాదాలు 5 జరగాలి, లేదా 10 మంది చావాలి, అప్పుడు దాన్ని బ్లాక్ స్పాట్ అంటారు. నేను ఇది మొదటిసారి చదివినప్పుడు రెండుసార్లు చదివాను. కలరా అయితే ఒక్క కేసుకే పరుగెత్తుకొస్తారు. ఇక్కడ మూడేళ్ళు శవాలు పోగవ్వాలి, అది కూడా పోలీసు రికార్డుకి ఎక్కినవే. అదే క్యాజువాల్టీ రిజిస్టర్లో చోటు రాస్తే మూడేళ్ళు అక్కర్లేదు, చావులూ అక్కర్లేదు, కాళ్ళు విరిగి వచ్చినవాళ్ళూ మోకాళ్ళు చెక్కుకుపోయినవాళ్ళూ నాలుగు నెలల్లో చెప్పేస్తారు ఎక్కడ తప్పుందో. గాయాల్ని నమోదు చేసేటప్పుడు ఎక్కడ జరిగింది, ఏం చేస్తుండగా జరిగింది అని రాయాలని డబ్ల్యు.హెచ్.ఓ., అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య సంస్థ సి.డి.సి. కలిసి 2001లోనే మార్గదర్శకాలు ఇచ్చాయి. ఇప్పుడు ప్రమాదాల వివరాలు యాప్‌లో ఎక్కించే ఏర్పాటు వచ్చింది, సంతోషం, కానీ దాని మొదలు పోలీసు స్టేషనే. స్టేషన్‌కి వెళ్ళని కేసులు మా దగ్గరికి రోజూ వస్తాయి, రాజీ చేసుకున్నవి, బండికి పేపర్లు లేవని దాచినవి, తనంతట తనే గుంటలో పడ్డవాడివి. అవన్నీ ఆస్పత్రిలోనే దొరుకుతాయి, ఇంకెక్కడా దొరకవు. అందుకే ఇది ఆరోగ్య శాఖ పని అంటున్నాను, కట్లు కట్టడం వరకే కాదు.

ఇది చదివేవాళ్ళలో ఎవరైనా క్యాజువాల్టీలో పనిచేస్తుంటే, పైనుంచి సర్క్యులర్ వచ్చేదాకా ఆగొద్దు, మార్జిన్లో రాయడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. మీరెప్పుడైనా గాయపడినవాళ్ళని ఆస్పత్రికి తీసుకెళ్తే మీ పేరు చెప్పకపోయినా పర్లేదు, అది మీ హక్కు. ఎక్కడ జరిగిందో మాత్రం సరిగ్గా చెప్పండి, ఏ వైపు వెళ్ళే రోడ్డు, దేని ఎదురుగా, లైటు ఉందా లేదా. పక్కన కిలోమీటరు రాయి ఉంటే దాని మీద నంబరు కూడా.